పాలిచ్చు తల్లికి తోడు



డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారి స్మృత్యర్థము జరుగు ఈ ఉపన్యాసమునకు విషయమును మీరు నా ఇచ్చకే విడిచిపెట్టితిరి. విజయవాడలో నిలుచుండి ఆమె పేరు తలచుకొనువారికి బాలెంతను, పసిబిడ్డను విడిచి వేరొక విషయము తోచుట కష్టము. చరిత్ర వ్రాయువారు ఆమెను ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు ఆద్యులైన కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తెగను, 1957లో ఈ పట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికైన సభ్యురాలిగను పేర్కొందురు. ఆమె అన్నిటికంటె ముందు వైద్యురాలు. తెలుగు స్త్రీలు తెలుగులోనే చదువుకొనుటకు ‘ప్రసూతి - శిశుపోషణ’ అను గ్రంథము రచించిన విదుషి. ఆమెది మేనత్త పేరు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించిన ఆ భండారు అచ్చమాంబగారు కన్నబిడ్డల నిద్దరిని పోగొట్టుకొని, ముప్పదియేండ్లు దాటిన కొలదికాలమునకే, 1905లో తామును కన్నుమూసిరి. మరుసటి యేట పుట్టిన మేనకోడలు ఆ పేరుతోనే పెరిగి, తల్లులను, బిడ్డలను బ్రతికించు విద్యను చేపట్టినది.

నేటి నా విషయము చనుబాలు. మరింత సరిగా చెప్పవలెనన్న, చనుబాలిచ్చు తల్లికి అందవలసిన సహాయము. బిడ్డకు తల్లిపాలు శ్రేష్ఠమని నేను వచ్చి మీకు చెప్పనక్కరలేదు. ఆ మాట పాలపొడి డబ్బామీద గూడ అచ్చయి యున్నది. ఆ శ్రేష్ఠతను ఆసుపత్రి గోడలనిండ వ్రాసి, దానిని బిడ్డ నోటికి అందించవలసిన ఇరువదియేండ్ల పిల్లను మాత్రము మూడవనాటి రాత్రి దిక్కులేక విడిచిపెట్టుచున్నాము. పాలు పడలేదని మనము వినుచున్న కథలలో అత్యధికము తల్లి ప్రక్కన తెలిసిన మనిషి లేకపోవుటవలన పుట్టినవే యని నా దృఢవిశ్వాసము. ఆ మనిషి ఎవరు, ఏమి చేయవలెను, ఆమెకు జీతమెవరియ్యవలెను అనునవియే నేను మీ యెదుట పెట్టదలచిన ప్రశ్నలు.

పాలను తల్లినుండి విడదీసి చూచిన నేమగునో తెలుపు విషాదాధ్యాయ మొకటి మన డెల్టా చరిత్రలోనే కలదు. నేడు దానిని తలచువారే అరుదు. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియై, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ ఊరూర వరిని పండింపగా, తరువాతి తరములలో ఆ వరి వెంట బియ్యపుమిల్లులు వచ్చినవి. రోకటిపోటు తగ్గినది. కంచములో అన్నము మల్లెపూవువలె తెల్లబడినది. గింజపైనుండు తవుటిపొరను మిల్లు ఎంత నున్నగ గీకివేసిన బియ్యమంత మేలైనవనిరి; ఆ బియ్యమును రెండు మూడు నీళ్ళ కడిగి, గంజి వార్చి, మిగిలిన కొద్దిసారమును గూడ తూములో పోసిరి. థయమిన్ అను విటమిను కొంత తవుటితోడను, కొంత కడుగునీళ్ళతోడను వెడలిపోయినది. దక్షిణమున ఉప్పుడు బియ్యము తినువారికి ఈ నష్టము అంతగా లేకపోయెను. ధాన్యమును నానబెట్టి ఉడికించునపుడు ఆ సారము పైపొరనుండి గింజలోనికి ఇంకును, పిదప మిల్లు దానిని అంత సులభముగ గీకలేదు. పచ్చిబియ్యమును మరపట్టించి తిన్నవారము మనము. అందుచేత బెరిబెరి వ్యాధికి మద్రాసు రాజధానిలో నెలవైన ప్రాంతము ఉత్తర సర్కారు జిల్లాలే యయ్యెను. మెకారిసన్, నారిస్ అను పరిశోధకులు 1920వ దశకముననే బియ్యమునకును ఈ వ్యాధికిని గల సంబంధమును ఇచ్చటి అన్నమునుబట్టియే విచారించిరి.

పెద్దవారికి ఆ వ్యాధి కాళ్ళ తిమ్మిరిగ, వాపుగ, ఆయాసముగ కనబడును, తెలిసినవాడు గుర్తుపట్టవచ్చును. పసిబిడ్డ సంగతి అట్టిది కాదు. రెండు మూడు నెలలు నిండి, ఒళ్ళు చేసి, చూచువారికి ముద్దుగొలుపుచున్న బిడ్డ ఉన్నట్టుండి పాలు కక్కును, ఎగపోయును. నోరు తెరచి ఏడ్చుచున్నట్లే యుండును గాని గొంతు పెగలదు, ఏడ్పు వినబడదు. గుండె సత్తువ తప్పి గంటలలో ప్రాణము పోవును. అట్టి చావునకు దిష్టి యనియో గాలి యనియో పేరుపెట్టి ఊరకుండుట మన యిండ్ల వాడుక. కూనూరు పోషకాహార పరిశోధనశాలకు అధిపతియైన ఎయిక్రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్ బెరిబెరి ప్రాంతపు శిశుమరణములను నెలలవారీగ విడదీసి పరిశీలించి 1941లో ప్రకటించిరి: పుట్టిన రెండవ నెలనుండి ఐదవ నెలవరకు, తక్కిన ప్రాంతములలో చావు వెనుకకు తగ్గు ఆ నెలలలోనే, ఇచ్చట అది విజృంభించుచుండెను.

ఆ బిడ్డలు తల్లిపాలు త్రాగుచున్న బిడ్డలు. ఆ తల్లులకు పాలు లేకపోలేదు, సమృద్ధిగా ఉండెను. తల్లి దేహమున లేని విటమిను పాలలోనికి ఎక్కడనుండి వచ్చును? ఆ తల్లులలో అనేకులు పైకి ఆరోగ్యవంతులవలెనే కనబడిరి. అట్లని చనుబాలు మాన్పించుట మందు కాలేదు; బిడ్డకు థయమిన్ సూదిమందు వేసి, తల్లికి గూడ దానిని ఇచ్చి, ఆమె ఆహారమును సవరించిన ఆ పాలే మరల అమృతమైనవి. దేశమునకు ధాన్యాగారమని పేరుపడిన సీమలో పాలిచ్చు తల్లి పళ్ళెములో ఏమున్నదో చూచువారు లేక పసిబిడ్డలు పోయిరి. ఈ చరిత్రను వైద్యకళాశాలలలో మాత్రమే గాక మన జిల్లా ఉన్నతపాఠశాలలలో గూడ చెప్పవలెనని నాకు చాలకాలముగ కోరిక.

కూనూరులోనే, తరువాతి దశకమున, డాక్టర్ సి. గోపాలన్‌గారు దక్షిణదేశపు పేద తల్లుల పాలను కొలిచి చూచిరి. అరకడుపు తిండితో కూలిపని చేయు స్త్రీలు సైతము దినమునకు ఇంచుమించు 400 నుండి 600 మిల్లీలీటర్ల పాలను నెలల తరబడి ఇచ్చుచుండిరని తేలినది. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. ఈ కొలత మనకు రెండు సంగతులు చెప్పుచున్నది. ‘బక్కపిల్ల, దీనికేం పాలుంటాయి’ అను అత్తగారి మాట తప్పు. ఆ పాలు ఊరకనే వచ్చుచున్నవను మన నిశ్చింతయు తప్పే. తిండి చాలనినాడు తల్లి తన కండనుండియు ఎముకనుండియు తీసి యిచ్చుచున్నది.

ఇక పురుటిగది. దానిని పూర్తిగ పొగడువారితోను, పూర్తిగ తెగడువారితోను నేను ఏకీభవింపలేను. మంత్రసాని ముర్రుపాలను పిండి పారబోయించినది. పసుపువన్నెతో చిక్కగ చెంచాడు మాత్రమే వచ్చు ఆ పాలలో బిడ్డను రోగములనుండి కాచు శక్తి నిండియుండునని, అది బిడ్డకు మొదటి టీకా వంటిదని ఆమెకు తెలియదు. మూడునాళ్ళు తేనెయో, పంచదార నీళ్ళో, ఆముదపు ఉగ్గో నాకించి, నాలుగవనాడు చన్ను పట్టించినది. బాలెంతకు దాహమైనను నీళ్ళు గొంతు తడుపునంత మాత్రమే ఇచ్చినది. పథ్యము పేర పప్పు, కూర, పెరుగు మాన్పించి, కారప్పొడి మెతుకులు పెట్టినది. ఇవి హాని చేసినవి; ఆ హానిని సంప్రదాయమను గౌరవముతో కప్పిపుచ్చరాదు.

కాని అదే గదిలో, తల్లి కనులు తెరచినప్పుడెల్ల, పదిమంది బిడ్డలను పెంచిన ఒక స్త్రీ కూర్చుండి యుండెను. తలకింద దిండు సర్దునది ఆమెయే, నడుమునకు కాపడము పెట్టునది ఆమెయే, ‘ఏడవకే అమ్మాయ్, నాకూ మొదట్లో ఇంతే, రేపటికి చేపుతాయిలే’ అని భరోసా ఇచ్చునది ఆమెయే. వెల్లుల్లి, మునగాకు, జీలకర్ర, బందరు సముద్రతీరము వైపున సొరపుట్టు వండి పెట్టినదియు ఆమెయే. వీనిని పాలు పెంచు మందులని నమ్మినను నమ్మకున్నను, సొరచేపలో మాంసకృత్తులును, మునగాకులో ఇనుము, సున్నమును కలవు. బాలెంతకు అవి కావలసినవే. నలువది దినములు ఆ తల్లిని పొయ్యిదగ్గరకు పోనీయని ఆచారములో ఎంత వివేకమున్నదో, నేడు పదునైదవనాడే ఆఫీసు ఫోనుకు బదులు చెప్పుకొను అమ్మాయిలను చూచినపుడు నాకు తెలియుచున్నది.

పురుటిగదినుండి మనము ఆసుపత్రికి వచ్చితిమి. మంచిదే, తల్లుల ప్రాణములు నిలిచినవి. జాతీయ కుటుంబారోగ్య సర్వే 2019-21 లెక్కలలో ఆంధ్రప్రదేశపు కాన్పులలో 96.5 శాతము ఆసుపత్రులలోనే జరిగినవి. వానిలో శస్త్రచికిత్సతో జరిగినవి నూటికి నలువదిరెండు దాటినవి. దేశము మొత్తముమీద 88.6 శాతము కాన్పులు ఆసుపత్రులకు చేరినను, పుట్టిన గంటలోపల తల్లిపాలు అందిన బిడ్డలు 41.8 శాతమే. అనగా డాక్టరు, నర్సు, మంచము, దీపము అన్నియునుండి గూడ సగముకంటె ఎక్కువమంది బిడ్డలకు ఆ మొదటి గంట దక్కుటలేదు. నడుమునకు మత్తుసూది వేసి కోత కోసిన తల్లి మెలకువతోనే యుండును. కుట్లు వేయుచుండగనే బిడ్డను ఆమె రొమ్ముపై పరుండబెట్టవచ్చును. దానికి పరికరమేమియు అక్కరలేదు, పట్టుకొని నిలుచుండు రెండు చేతులు కావలెను.

మూడవనాటి రాత్రి ఎట్లుండునో చూడుడు. రెండు గంటలైనది. కుట్లు లాగుచుండగా తల్లి ప్రక్కకు ఒత్తిగిల్లలేదు. రొమ్ములు బిగిసి ముట్టనీయవు. చనుమొన చుట్టునున్న నల్లని భాగము గట్టిపడుటచే బిడ్డ నోటికి మొన మాత్రమే చిక్కును. బిడ్డ దానిని నమలును, అది పగులును, తల్లి కెవ్వున అరచి బిడ్డను తీసివేయును. అమ్మమ్మ వరండాలోనికి పోయి, ‘పాలు పళ్ళేదమ్మా, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, డబ్బాపాలు పట్టమంటారా’ అని అడుగును. వార్డు మొత్తమునకు ఒక్కతెయైన నర్సు, మరొక మంచమువైపు పరుగెత్తుచు, పట్టండమ్మా అనును. ఆమెను నేను నిందింపను. బిడ్డ డబ్బాపాలు త్రాగి నిద్రపోవును, ఇల్లంతయు ఊపిరి పీల్చుకొనును. అచ్చటనే దారి తప్పుచున్నది. చన్ను కుడిచినకొలది పాలు ఊరును, కుడువనినాడు ఊట తగ్గును. పాలను తయారుచేయు ప్రొలాక్టిన్ రాత్రివేళ కుడిచినపుడు మరింతగ స్రవించును. ఊరిన పాలను చేపునకు తెచ్చు ఆక్సిటోసిన్ నొప్పికి, భయమునకు, అవమానమునకు వెనుదీయును. ఆ రాత్రి ఒక్కసారి పట్టిన డబ్బా మరునాడు మూడుసార్లగును. వారమునకు ‘నాకు పాలు లేవు’ అను మాట నిజమై కూర్చుండును.

అదే వేళ తెలిసిన స్త్రీ ఒకతె వచ్చి మంచము ప్రక్కన కూర్చుండినదనుకొనుడు. మొదట తల్లికి గ్లాసుడు నీళ్ళిచ్చి, నొప్పిమాత్ర పడినదా అని అడుగును. గోరువెచ్చని గుడ్డ రొమ్ముపై వేసి, వ్రేళ్ళతో మెల్లగ ఒత్తి కొంచెము పాలు పిండి, నల్లని భాగమును మెత్తపరచును. కోత నొప్పి తగులకుండ బిడ్డను తల్లి చంకక్రిందుగ, కాళ్ళు వెనుకకు పోవునట్లు పట్టించి, దిండు దన్ను పెట్టును. ‘అమ్మాయ్, నువ్వు వంగొద్దు, బిడ్డని నీ దగ్గరికి తెచ్చుకో. వాడు నోరు పెద్దగా తెరిచిందాకా ఆగు. గడ్డం ఆనాలి, ముక్కు ఆడుతుండాలి’ అని చెప్పుచు, బిడ్డ నోరు ఆవులించినట్లు తెరచిన క్షణమున భుజమువెనుక చేయి వేసి దగ్గరకు తెచ్చును. బిడ్డ నాలుగు గుక్కలు గబగబ చప్పరించి, ఆగి, గుటక వేయును. ఆ గుటక చప్పుడు తల్లి చెవిని బడవలెను. ఆ తరువాత ఆమెకు ఉపన్యాసములతో పనిలేదు.

ఆ స్త్రీయే మరి రెండు మాటలు చెప్పిపోవును. మొదటి దినములలో బిడ్డ బరువు కొంత తగ్గుట సహజము, రెండు వారములలో అది తిరిగి రావలెను. వారము దాటిన బిడ్డ దినమునకు ఆరుసార్లైనను ఒంటికి పోసినచో, పాలు చాలుచున్నట్లే; ఏడ్పునుబట్టి లెక్కకట్టరాదు. రోహిణికార్తెలో బెజవాడ కొండలు కాలుచున్నప్పుడు గూడ ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్ళక్కరలేదు, చనుబాలలో ఇంచుమించు ఎనుబదియెనిమిది పాళ్ళు నీరే. నీళ్ళు కావలసినది తల్లికి. ఆరవ నెలలో అన్నప్రాశన చేయుట మన పెద్దల యేర్పాటు. ఆరు నెలలు నిండువరకు చనుబాలు మాత్రమే ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సభ 2001లో చెప్పినమాట దానికి దగ్గరనే యున్నది.

నెలలు నిండని బిడ్డ, చన్ను పట్టలేని బిడ్డ ఉందురు. వారికి తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవలెను. సీసాకంటె అది శుభ్రపరచుటకు సులభము, బిడ్డ నోటికి మేలు. మన అమ్మమ్మల పెట్టెలలోని ఆ ముక్కుగిన్నె నేడు నవజాత శిశువుల వార్డులలో నిత్యము వాడబడుచున్నదని తెలిసి సంతోషింపుడు. తల్లిపాలు అందనిచో దాత పాలున్నవి: బొంబాయి సయాన్ ఆసుపత్రిలో 1989లో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్‌గారు నెలకొల్పిన క్షీరనిధి ఆసియాలోనే మొదటిది, హైదరాబాదు నీలోఫరులో ‘ధాత్రి’ 2017లో ప్రారంభమైనది. ఇన్నిటి తరువాతను నిజముగ పాలీయలేని తల్లులు కొందరుందురు. వైద్యుని సలహాతో డబ్బాపాలు పట్టు ఆ తల్లిని ఎవరును చిన్నచూపు చూడరాదు. ఆమెకు గూడ ప్రక్కన మనిషి కావలెను, గిన్నె ఎట్లు మరగించవలెనో, పొడి ఎంత కలుపవలెనో చెప్పుటకైనను.

వర్తకుల సంగతి క్లుప్తముగ ముగింతును. తియ్యపాల డబ్బాలవలన పసిబిడ్డలు చచ్చుచున్నారని సింగపూరులో 1939లో రోటరీ సభ్యుల యెదుట ధైర్యముగ చెప్పిన డాక్టర్ సిసిలీ విలియమ్స్‌నుండి, 1981 నాటి అంతర్జాతీయ నియమావళివరకు నడచిన పోరాటము పెద్దది. మన పార్లమెంటు 1992లో చేసిన చట్టము శిశువుల పాలపొడులకును, పాలసీసాలకును ప్రకటనలను, ఉచిత నమూనాలను నిషేధించినది. డబ్బాపై బిడ్డ బొమ్మ గాని తల్లి బొమ్మ గాని ఉండరాదన్నది. 2003 సవరణ వైద్యుల సభలకు కంపెనీల సొమ్మును గూడ నిషేధించినది. చట్టము మంచిది. అది డబ్బాను వెనుకకు నెట్టగలదు గాని, రాత్రి రెండు గంటలకు మంచము ప్రక్కన వచ్చి కూర్చుండలేదు.

1956లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమున ఏడుగురు తల్లులు కూడి, పాలిచ్చు తల్లులకు పాలిచ్చిన తల్లులే సహాయపడవలెనని ‘లా లెచె లీగ్’ అను సంఘమును స్థాపించిరి. నేడు గన్నవరమునుండి విమానమెక్కి కూతురి పురుటికి డాలసు, న్యూజెర్సీ చేరు మన అమ్మమ్మలు ఆ పనిని సంఘములేకయే చేయుచున్నారు. వారికి ముర్రుపాల సంగతి, నీళ్ళ సంగతి సరిగా చెప్పి పంపిన, వారికంటె గొప్ప సహాయకులు దొరకరు. బెంజి సర్కిలు ప్రక్క అపార్టుమెంటులో తల్లి లేక, అత్తగారు దూరమై, సెల్‌ఫోను చూచి పాలు పట్టుట నేర్చుకొను పిల్లకు ఆ అదృష్టము గూడ లేదు.

ప్రభుత్వము ఇప్పటికే వేసిన బాట కొంత కలదు. కాన్పైన తల్లిని తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ వాహనము ఇంటివాకిట దింపుచున్నది. ఆశా కార్యకర్త మూడవ, ఏడవ, పదునాలుగవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలువదిరెండవ దినములలో ఆ యింటికి పోవలెనని నియమము. ఆమె పోవుచున్నది గూడ. బిడ్డ బరువు తూచి, కాగితము నింపి వచ్చుచున్నది. పాలు పట్టునప్పుడు కూర్చుండి చూచుటకు ఆమెకు తీరికయు, శిక్షణయు, ఆ పనికి తగిన పారితోషికమును ఇయ్యవలెను. ప్రతి ప్రసూతి వార్డులోను, ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, రాత్రిపూట ఈ ఒక్క పనికే నియమింపబడిన స్త్రీ యొకతె ఉండవలెను. ఆమె డిగ్రీలున్న మనిషి కానక్కరలేదు. తాను పాలిచ్చి, కొన్ని వారములు శిక్షణ పొంది, ఓపిక గలదియైన చాలును. ఆపరేషను గదికి దీపములు కొనుటకు వెనుదీయని యాజమాన్యములు ఆ జీతమునకు వెనుదీయరాదు.

చివరకు కూలితల్లుల మాట. అచ్చమాంబగారు సభ్యురాలుగ ఉన్న రెండవ లోక్‌సభ కాలముననే, 1961లో, ప్రసూతి ప్రయోజనముల చట్టము వచ్చినది. పనిలోనికి తిరిగివచ్చిన తల్లికి, బిడ్డకు పదునైదు నెలలు నిండువరకు, మామూలు విరామమునకు తోడుగ దినమునకు రెండుసార్లు పాలిచ్చుటకు విరామమీయవలెనని అది శాసించినది. 2017 సవరణ సెలవును ఇరువదియారు వారములకు పెంచి, యాబదిమంది పనిచేయు చోట శిశుగృహముండవలెనన్నది. ఇవి కార్యాలయములకును, కర్మాగారములకును చెందిన హక్కులు. దివిసీమలో మోకాలిలోతు బురదలో నాట్లు వేయు ముఠాలోని తల్లికి ఇవి చేరవు. ఆమె బిడ్డ గట్టుమీద తుమ్మచెట్టునకు కట్టిన చీర ఉయ్యాలలో ఉండును. లేదా ఇంటివద్ద ఎనిమిదేండ్ల అక్క చంకలో, సీసాతో ఉండును. అంగన్‌వాడీ బడి మూడేండ్లు నిండిన పిల్లలకు. చంటిబిడ్డకు అచ్చట చోటు దొరకుట అరుదు.

కాలువలకు నీరు ఏనాడు విడువవలెనో అధికారులు ఏటేటా ముందుగ నిర్ణయింతురు. ఆ తేదీనిబట్టి నారుమళ్ళు, నాట్లు, కూలిరేట్లు అన్నియు నడచును. ఆ తేదీ వెలువడిన నాడే ప్రతి పంచాయతీయు తన ఊరిలో ఏడాదిలోపు బిడ్డగల కూలితల్లుల పట్టిక వ్రాసికొని, నాట్ల నెలలకు తెల్లవారకముందే తెరచు శిశుగృహమును పొలములకు దగ్గరగ ఏర్పాటు చేయవలెను. పూటకొక్కమారు తల్లి గట్టెక్కి చేతులు కడుగుకొని అరగంట బిడ్డకు పాలిచ్చుటకు, ఆ అరగంట కూలి కోయకుండ, రైతులు ఒప్పుకొనవలెను. డెల్టా రైతునకు అది మోయరాని బరువు కాదు. ఈ రెండు కోరికలను, వార్డులో రాత్రి మనిషిని గూర్చిన కోరికతో గూడ, ఈ సభ పక్షమున తీర్మానముగ వ్రాసి జిల్లా పరిషత్తునకును, వైద్యారోగ్యశాఖకును పంపుమని అధ్యక్షులను ప్రార్థించుచున్నాను.